గేటు బయటి వీధి

అమెరికాలో ఎమ్మెస్‌కు సీటు వచ్చిన ఇంట్లో ర్యాంకింగు, ఫీజు, లోను, వీసా మాటలన్నీ అయ్యాక తల్లి అడిగే ప్రశ్న ఒకటి మిగులుతుంది. ఆ యూనివర్సిటీ సేఫేనా? 2023-24 లెక్కల ప్రకారం అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడు విదేశీ విద్యార్థుల సంఖ్యలో చైనాను దాటి మన దేశమే ముందుకొచ్చింది. వాళ్లలో మన రెండు రాష్ట్రాల పిల్లలు ఎందరో. కాబట్టి అక్కడి క్యాంపస్ భద్రత హైదరాబాద్, విజయవాడ, కరీంనగర్ ఇళ్లకూ సంబంధించిన విషయమే. ఆ తల్లి ప్రశ్నకు అమెరికా చట్టం ఒక జవాబు సిద్ధం చేసి పెట్టింది. ఫెడరల్ ప్రభుత్వ విద్యార్థి సాయం అందుకునే ప్రతి కళాశాల, విశ్వవిద్యాలయం ఏటా అక్టోబరు 1లోపు ఒక భద్రతా నివేదిక బయటపెట్టాలి. గత మూడేళ్లలో జరిగిన హత్యలు, లైంగిక దాడులు, దోపిడీలు, దొంగతనాల లెక్క అందులో ఉంటుంది. దాన్ని ఎవరైనా చూడొచ్చు. అయితే ఆ నివేదిక ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలిసి చూడాలి. విశ్వవిద్యాలయ భద్రతలో పెద్ద భాగం ఆ నివేదిక గీసిన గీతకు బయటే ఉంటుందన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న విషయం.

ఆ చట్టం పేరు క్లెరీ చట్టం. 1986 ఏప్రిల్ 5న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లీహై విశ్వవిద్యాలయంలో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ల అమ్మాయిని హాస్టల్ గదిలోనే అత్యాచారం చేసి చంపేశారు. హంతకుడు గోడ దూకి వచ్చిన పరాయివాడు కాదు, అదే విశ్వవిద్యాలయంలో చదువుతున్న విద్యార్థి. హాస్టల్ తలుపులు వాటంతటవే తాళం పడేవి. కానీ వచ్చిపోయేవాళ్ల వీలు కోసం వాటిని మూసుకోకుండా అడ్డుపెట్టి ఉంచడం అక్కడ మామూలైపోయింది. అంతకుముందు మూడేళ్లలో ఆ క్యాంపస్‌లో 38 హింసాత్మక నేరాలు జరిగాయని తల్లిదండ్రులకు కూతురు పోయాకే తెలిసింది. ఈ సంగతి ముందే తెలిస్తే తమ బిడ్డను అక్కడికి పంపేవాళ్లం కాదన్న బాధతో వాళ్లు ఉద్యమించారు. ఫలితంగా 1990లో చట్టం వచ్చింది, 1998లో దానికి ఆ అమ్మాయి పేరు పెట్టారు. నేరాలు దాచిన, హెచ్చరికలు సకాలంలో ఇవ్వని విశ్వవిద్యాలయాలకు అమెరికా విద్యాశాఖ జరిమానాలు వేస్తుంది. 2024లో లిబర్టీ విశ్వవిద్యాలయానికి పడిన జరిమానా 1.4 కోట్ల డాలర్లు. పరువు పోతుందని నేరాన్ని కప్పిపెట్టే అలవాటు ఏ దేశపు చదువుల సంస్థకైనా ఉంటుంది. ఆ అలవాటుకు గట్టి దెబ్బ కొట్టిన చట్టం ఇది. మన దేశంలో ఇలాంటిది లేదు, ఉండాలి.

అయినా ఈ నివేదికకు రెండు పరిమితులున్నాయి. ఫిర్యాదు అందిన నేరాలనే అది లెక్కపెడుతుంది. అందుకే లైంగిక దాడుల సంఖ్య సున్నా అని చూపే క్యాంపస్ కన్నా కొన్ని నమోదైన క్యాంపస్ నమ్మదగినదని ఈ రంగం తెలిసినవాళ్లు అంటారు. సంఖ్య ఉన్నచోట చెప్పుకునే ధైర్యం, వినే దిక్కు ఉన్నాయని అర్థం. రెండో పరిమితి మనవాళ్లకు ఇంకా ముఖ్యం. ఆ లెక్క క్యాంపస్‌కు, విశ్వవిద్యాలయం ఆస్తులకు, వాటిని ఆనుకున్న రోడ్లకు మాత్రమే వర్తిస్తుంది. నాలుగు వీధుల అవతల ఉన్న ప్రైవేటు అపార్ట్‌మెంటులో జరిగినది అందులోకి రాదు. మన పిల్లలు ఎక్కువగా ఉండేది అక్కడే. ఎమ్మెస్‌కు వెళ్లినవాళ్లు నలుగురైదుగురు కలిసి అద్దె తక్కువగా ఉండే పేటలో ఇల్లు తీసుకుంటారు. ల్యాబ్ నుంచి, పార్ట్‌టైమ్ పని నుంచి అర్ధరాత్రి నడిచి వస్తారు. వాళ్ల భద్రత ఆ వీధి మీద, ఆ వీధిలో ఉండేవాళ్ల బతుకు మీద, ఆ బతుకుతో విశ్వవిద్యాలయానికి ఉన్న సంబంధం మీద ఆధారపడి ఉంటుంది. ఈ సంబంధం ఎలా చెడుతుందో, ఎలా కొంతవరకు బాగుపడుతుందో చూడటానికి ఫిలడెల్ఫియా నగరంలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్థాపించిన ఈ విద్యాసంస్థను అందరూ పెన్ అంటారు. 1870లలో నగరం నడిబొడ్డు వదిలి, నది దాటి వెస్ట్ ఫిలడెల్ఫియాకు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ప్రాంతంలో ఫ్యాక్టరీ పనులు తగ్గాయి, డబ్బున్న తెల్లవాళ్లు శివార్లకు తరలిపోయారు, దక్షిణాది నుంచి వచ్చిన నల్లజాతి కుటుంబాలు స్థిరపడ్డాయి. 1958 ఏప్రిల్ 25 రాత్రి ఇన్‌-హో ఓ అనే 26 ఏళ్ల కొరియా విద్యార్థి ఉత్తరం పోస్టు చేయడానికి ఇంట్లోంచి బయటికొచ్చాడు. పెన్‌లో పై చదువు చదువుతున్నవాడు. వీధిలో కుర్రాళ్ల గుంపు ఒకటి అతన్ని కొట్టి చంపింది. నగరం అట్టుడికింది, ఉరి తీయాలన్న కేకలు లేచాయి. అప్పుడు కొరియాలోని పూసాన్ నుంచి అతని తల్లిదండ్రులూ బంధువులూ ఫిలడెల్ఫియాకు ఒక ఉత్తరం రాశారు. ఆ కుర్రాళ్ల మీద చట్టం చూపగలిగినంత దయ చూపమని అడిగారు. వాళ్లు జైలు నుంచి విడుదలయ్యాక చదువుకూ పనికీ దారి చూపించేందుకు ఒక నిధి పెడతామని చెప్పి, యుద్ధంతో చితికిపోయిన దేశం నుంచి 500 డాలర్లు కూడబెట్టి పంపారు. కొడుకును పోగొట్టుకున్నవాళ్లు చేసిన పని అది.

విశ్వవిద్యాలయం చేసిన పని వేరు. 1959లో పెన్, పక్కనున్న డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం, ఆసుపత్రులు కలిసి వెస్ట్ ఫిలడెల్ఫియా కార్పొరేషన్ అనే సంస్థ పెట్టాయి. పట్టణ పునరుద్ధరణ పేరుతో ప్రభుత్వం ఇచ్చే డబ్బు, భూసేకరణ అధికారం అండగా చుట్టుపక్కల పాత ఇళ్లను తొలగించే ప్రణాళిక వేశాయి. భద్రత ఒక్కటే కారణం కాదు, పరిశోధన భవనాలకు స్థలమూ కావాలి. కానీ ఆ హత్య తర్వాత పెరిగిన భయం ఆ పనికి ఊపునిచ్చిందని చరిత్రకారులు రాశారు. బ్లాక్ బాటమ్ అని పిలుచుకునే నల్లజాతి వాడ 1960ల చివరికల్లా నేలమట్టమైంది. వేలమంది ఇళ్లు, చర్చీలు, కొట్లు పోయాయి. ఆ స్థలంలో సైన్స్ సెంటర్ లేచింది. 1969 ఫిబ్రవరిలో పెన్ విద్యార్థులే పరిపాలనా భవనంలో ఆరు రోజులు బైఠాయించి, కూల్చిన ఇళ్లకు బదులు ఇళ్లు కట్టాలని పట్టుబట్టారు. యాజమాన్యం ఒప్పుకుంది. ఆ హామీలో చాలా భాగం కాగితం మీదే మిగిలిపోయింది. బ్లాక్ బాటమ్ నుంచి చెదిరిపోయిన కుటుంబాలవారు ఆ తర్వాత ఎన్నో ఏళ్లుగా ఆగస్టులో ఫెయిర్‌మౌంట్ పార్కులో కలుసుకుంటూ వస్తున్నారు. వాడ పోయినా ఆ జ్ఞాపకం పోలేదు.

భద్రత పేరుతో జరిగిన ఆ పనుల వల్ల భద్రత పెరగలేదు. ఇళ్లూ కొట్లూ ఉన్న వీధులు రాత్రిపూట కూడా మెలకువగా ఉంటాయి. వాటి స్థానంలో వచ్చిన పార్కింగ్ స్థలాలు, ఖాళీ జాగాలు, ఊరివైపు వీపు పెట్టుకుని కట్టిన భవనాలు సాయంత్రం ఆరు దాటితే నిర్మానుష్యమయ్యేవి. వీధిని చూసే కళ్లు ఉండటమే వీధికి కాపలా అని నగరాల మీద రాసిన జేన్ జేకబ్స్ 1961లోనే వాదించారు. ఆ వాదనకు వ్యతిరేకంగా నడిస్తే ఏమవుతుందో పెన్ చుట్టూ కనిపించింది. మిగిలిపోయిన ఇరుగుపొరుగుకు విశ్వవిద్యాలయం తమ ఇళ్లు మింగే సంస్థగా తప్ప మరోలా కనిపించలేదు. పోలీసుల మీద నమ్మకం అంతకన్నా తక్కువ. 1985 మే 13న అదే వెస్ట్ ఫిలడెల్ఫియాలో మూవ్ అనే సంస్థ సభ్యులున్న ఇంటి మీద పోలీసులు హెలికాప్టర్ నుంచి బాంబు వేశారు. ఐదుగురు పిల్లలతో సహా 11 మంది చనిపోయారు, 61 ఇళ్లు కాలిపోయాయి. అలాంటి చోట అనుమానాస్పదంగా ఏదైనా కనిపిస్తే ఫోన్ చేసి చెప్పమంటే ఎవరు చెబుతారు? 1990ల నాటికి దోపిడీలు పెరిగాయి. 1996 శరదృతువులో ఒక విద్యార్థిపై కాల్పులు జరిగాయి. అక్టోబరు 31 రాత్రి క్యాంపస్‌కు పడమటి వీధిలో ఒక పరిశోధకుణ్ని కత్తితో పొడిచి చంపారు. తల్లిదండ్రుల ఫోన్లతో కార్యాలయాలు మోగిపోయాయి.

పెన్‌కు అప్పటి అధ్యక్షురాలు జూడిత్ రోడిన్. 1994 నుంచి 2004 వరకు ఆ పదవిలో ఉన్నారు. ఆమె వెస్ట్ ఫిలడెల్ఫియాలోనే పెరిగారు, పెన్‌లోనే చదివారు. ఆమె ముందు రెండు దారులున్నాయి. క్యాంపస్‌ను కోటలా మూసేయడం ఒకటి. చుట్టూ ఉన్న పేట బాగును విశ్వవిద్యాలయం పనిలో భాగం చేసుకోవడం రెండోది. ఆమె రెండోదాన్ని ఎంచుకున్నారు. పోలీసుల సంఖ్య పెంచారు, కానీ అక్కడితో ఆగలేదు. 1997లో చుట్టుపక్కల సంస్థలతో కలిసి యూనివర్సిటీ సిటీ డిస్ట్రిక్ట్ అనే సంస్థను ఏర్పాటు చేశారు. దానికి డబ్బు పన్నుగా వసూలు కాదు, సంస్థలే స్వచ్ఛందంగా ఇస్తాయి. దాని మనుషులు వీధులు ఊడుస్తారు, గోడల మీది రాతలు చెరుపుతారు, రాత్రిళ్లు గస్తీ తిరుగుతారు, అడిగినవాళ్లను ఇంటిదాకా నడిపించి వస్తారు. ఇల్లు విద్యార్థిదా, నలభై ఏళ్లుగా అక్కడున్న ముసలమ్మదా అని చూడరు. ఇళ్ల ముందు దీపాలు పెట్టుకునేవాళ్లకు ఖర్చులో భాగం పెన్ భరించింది. పేటలో ఇల్లు కొనుక్కునే తన ఉద్యోగులకు 15,000 డాలర్ల దాకా సాయమిచ్చింది. పార్కింగ్ స్థలం ఉన్నచోట పుస్తకాల దుకాణం, హోటల్ వచ్చాయి. 40వ వీధిలో పెద్ద కిరాణా దుకాణం తెరిచారు. విశ్వవిద్యాలయం కొనే సరుకుల్లో, కట్టించే భవనాల్లో స్థానిక వ్యాపారులకు, నల్లజాతి కాంట్రాక్టర్లకు వాటా ఉండాలని నియమం పెట్టుకున్నారు. 2001లో నగర పాఠశాలల శాఖ, ఉపాధ్యాయ సంఘంతో కలిసి పెన్ అలెగ్జాండర్ అనే ప్రభుత్వ బడి తెరిచారు. ఒక్కో విద్యార్థికి ఏడాదికి 1,000 డాలర్లు అదనంగా ఇస్తామన్నారు. నేరాలు తగ్గాయి. వీధుల్లో రాత్రిపూట జనం కనిపించడం మొదలైంది.

నేరాలు తగ్గింది పోలీసుల వల్లే, మిగతాదంతా అలంకారం అని ఎవరైనా అనొచ్చు. ఆ వాదనకు గట్టి ఆధారమే ఉంది. పెన్ పోలీసు బలగంలో వందకు పైగా అధికారులున్నారు. వాళ్లు క్యాంపస్‌లోనే కాక చుట్టుపక్కల ఒక నిర్ణీత హద్దు దాకా గస్తీ తిరుగుతారు. ఆ హద్దు ఎప్పుడో పాత రోజుల్లో గీసింది. దానికి అటూ ఇటూ ఉన్న వీధుల్లో ఇళ్లూ మనుషులూ దాదాపు ఒకలాంటివాళ్లే, తేడా పెన్ గస్తీ ఒక్కటే. పెన్‌కు చెందిన పరిశోధకులు ఈ సంగతిని ఆధారం చేసుకుని హద్దుకు రెండు పక్కలా నేరాలను పోల్చి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. గస్తీ ఉన్న వైపు నేరాలు 45 నుంచి 60 శాతం తక్కువని అందులో తేలింది. దీన్ని తేలిగ్గా తీసేయడానికి వీల్లేదు. పోలీసుల వల్ల ఉపయోగం లేదనేవాళ్లు ఈ అంకెకు జవాబు చెప్పాలి. ఆ ఉపయోగాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

కానీ అదే అధ్యయనం మరో సంగతినీ చూపిస్తోంది. ఆ మేలు ఒక గీత దగ్గర ఆగిపోతుంది. గీత ఇవతలి ఇంటికి రక్షణ ఉంది, అవతలి ఇంటికి లేదు. ఊరంతా తన గస్తీ నడపగల విశ్వవిద్యాలయం ఏదీ లేదు. అద్దె తక్కువని గీత దాటి ఇల్లు తీసుకునేది ఎక్కువగా మన పిల్లల్లాంటివాళ్లే. గస్తీ ఆగినచోట పనికొచ్చేది ఏమిటి? దీనికీ ఫిలడెల్ఫియాలోనే జవాబు దొరికింది. ఆ నగరంలో పాడుబడ్డ ఖాళీ స్థలాలు వేలల్లో ఉన్నాయి. చెత్త పోసే చోటు, తుపాకులు దాచే చోటు అవే. చార్లెస్ బ్రానస్, అతని సహ పరిశోధకులు 541 ఖాళీ స్థలాలను తీసుకుని, చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా విడగొట్టి, కొన్నింటిని బాగుచేయించారు, కొన్నింటిని అలాగే వదిలేశారు. బాగుచేయడమంటే చెత్త ఎత్తి, గడ్డి పరిచి, కొన్ని చెట్లు నాటి, మనుషులు లోపలికి వచ్చి కూర్చునేలా తెరిపి ఉన్న పొట్టి చెక్క కంచె కట్టడమే. 2018లో ఫలితాలు వచ్చాయి. పేదరికం ఎక్కువున్న పేటల్లో బాగుచేసిన స్థలాల చుట్టూ తుపాకి హింస 29 శాతం తగ్గింది. ఒక్క పోలీసును కూడా అదనంగా పెట్టలేదు. ఇలాంటి పనుల్లో పెద్ద ఖర్చు లేదు, అరెస్టు లేదు, ఎవరికీ అవమానం లేదు. అక్కడ కూర్చున్నవాళ్ల కళ్లే వీధిని కాస్తాయి. పోలీసులు అవసరమే. ఏదైనా జరిగితే వాళ్లకు ఫోన్ చేసి చెప్పే పొరుగువాడు అంతకన్నా అవసరం. ఆ పొరుగువాణ్ని ఉద్యోగంలోకి తీసుకోలేం, అతని నమ్మకాన్ని ఏళ్ల తరబడి పని చేసి సంపాదించాలి.

దీనికి ఇంకో అభ్యంతరం ఉంది. పోలీసుల వాదన కన్నా ఇది నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. పేట బాగుపడింది సరే, ఎవరి కోసం బాగుపడింది? పెన్ అలెగ్జాండర్ బడి మంచిదని పేరు రాగానే దాని పరిధిలోని ఇళ్ల ధరలు ఆకాశాన్నంటాయి. పేరుకు ప్రభుత్వ బడి, ఫీజు లేదు. కానీ ఆ పరిధిలో ఉండగలిగినవాళ్ల పిల్లలకే సీటు. 2013 జనవరిలో కిండర్‌గార్టెన్ చేర్పుల కోసం తల్లిదండ్రులు కొన్ని రోజుల ముందే చలిలో వరుస కట్టారు, చివరికి పాఠశాలల శాఖ లాటరీ పెట్టాల్సి వచ్చింది. బడిలో నల్లజాతి పిల్లల వాటా ఏటికేడు తగ్గుతూ వచ్చింది. 2021లో పాత బ్లాక్ బాటమ్ ప్రాంతంలోనే ప్రభుత్వ రాయితీతో నడుస్తున్న యూనివర్సిటీ సిటీ టౌన్‌హోమ్స్ అనే ఇళ్ల సముదాయం యజమాని ఆ ఒప్పందం పొడిగించనన్నారు. దాదాపు 70 కుటుంబాలు రోడ్డున పడే పరిస్థితి వచ్చింది. మరుసటి వేసవిలో వాళ్లు అక్కడే గుడారాలు వేసి నిరసన చేశారు. ఆ స్థలం పెన్‌ది కాదు. అయినా ఆగస్టులో కొత్త విద్యార్థుల స్వాగత సభలో పెన్ విద్యార్థులు లేచి అధ్యక్షురాలి ప్రసంగాన్ని అడ్డుకున్నారు. మీరు పెంచిన భూమి ధరే వీళ్లను వెళ్లగొడుతోందన్నది వాళ్ల వాదన. ఆ వాదనలో నిజం ఉంది. పొరుగు బాగుపడాలని పని మొదలుపెట్టి, పొరుగువాణ్ని మార్చేస్తే అది 1960ల కూల్చివేతకు నెమ్మదైన రూపమే అవుతుంది. అప్పుడు బుల్డోజరు వచ్చింది, ఇప్పుడు అద్దె పెరిగింది. నేరాల లెక్క తగ్గినట్టు కనిపించినా ఆ తగ్గుదలలో కొంత పేదవాళ్లు వేరే పేటకు పోవడం వల్ల వచ్చిందే కావచ్చు. అలాంటప్పుడు దాన్ని భద్రత అనడానికి నాకు మనసొప్పదు.

అందుకని ఏమీ చేయకపోవడమే మేలని మాత్రం అనను. 1996లో పెన్ గేట్లు మూసుకుని కూర్చుంటే ఆ ముసలమ్మ వీధిలో దీపం కూడా వెలిగేది కాదు. చేయాల్సిన పనిలో ఒక ముఖ్యమైన ముక్క విడిచిపెట్టడమే అక్కడ జరిగిన లోపం. ఇల్లు కొనేవాళ్లకు సాయం చేసినంత శ్రద్ధతో, అక్కడే ఉన్న అద్దెవాళ్లు నిలదొక్కుకోవడానికి సాయం చేయలేదు. ఒక్క బడి మీద వెలుగు పోసి చుట్టూ ఉన్న బడులను చీకట్లో వదిలేశారు. ఈ సంగతి పెన్‌కూ తెలిసినట్టుంది. 2022లో దగ్గర్లోని హెన్రీ లీ బడికి ఐదేళ్లలో 41 లక్షల డాలర్లు ఇస్తామంది. దానికి ముందు 2020లో నగర ప్రభుత్వ బడుల్లో సీసం, ఆస్బెస్టాస్ తొలగించడానికి పదేళ్లలో 10 కోట్ల డాలర్లు ఇస్తామని ప్రకటించింది. అది దయతో వచ్చింది అనుకోవడం పొరపాటు. లాభాపేక్ష లేని సంస్థ కాబట్టి పెన్ తన విద్యా భవనాలకు ఆస్తిపన్ను కట్టదు. ఫిలడెల్ఫియా బడులకు స్థానికంగా వచ్చే డబ్బులో పెద్ద భాగం ఆస్తిపన్నే. పన్నుకు బదులు చెల్లింపు చేయాలని పెన్ అధ్యాపకులు, సిబ్బందే సంతకాలు పెట్టి ఒత్తిడి తెచ్చారు. ఆ తర్వాతే ఈ డబ్బు కదిలింది. సొంత అధ్యాపకులు అడిగితేనే ఇచ్చిందన్న మాట ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది.

విశ్వవిద్యాలయం పని చదువు చెప్పడం, మునిసిపాలిటీ పని దానికెందుకు అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఫిలడెల్ఫియాలో అందరికన్నా ఎక్కువమందికి ఉద్యోగాలిచ్చే ప్రైవేటు సంస్థ పెన్, దాని ఆసుపత్రులే. ఊళ్లో అంత పెద్ద సంస్థ ఉండి ఊరితో నాకు పని లేదనడం కుదరదు. అయినా ఆ ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు తరగతి గదిలోనే దొరికింది. 1985లో చరిత్ర ఆచార్యుడు లీ బెన్సన్, అతని శిష్యుడు ఐరా హార్కవీ నడిపిన ఒక సెమినార్‌లో విద్యార్థులు వెస్ట్ ఫిలడెల్ఫియా సమస్యల మీద పని చేశారు. మూవ్ బాంబు దాడి జరిగిన వేసవిలోనే దాని నుంచి స్థానిక కుర్రాళ్లకు పని నేర్పే కార్యక్రమం పుట్టింది. ఇప్పుడు నెట్టర్ సెంటర్ అని పిలిచే సంస్థకు అది మూలం. అక్కడ పొరుగుతో పని అన్నది తీరిక వేళల సేవ కాదు, పాఠంలో భాగం. మానవశాస్త్ర ఆచార్యుడు ఫ్రాన్సిస్ జాన్‌స్టన్ 1990ల మొదట్లో తన కోర్సును దగ్గర్లోని ప్రభుత్వ బడి పిల్లల పోషకాహారం చుట్టూ అల్లుకున్నారు. కాలేజీ విద్యార్థులు బడి పిల్లలతో కలిసి, ఆ పిల్లలు ఏం తింటున్నారో లెక్కగట్టారు, తోటలు వేశారు, పండ్లమ్మే కొట్టు పెట్టారు. అందులోంచి పరిశోధనా వచ్చింది, పిల్లల కంచంలోకి కూరగాయలూ వచ్చాయి. ఒక సెమిస్టర్ విద్యార్థులు వెళ్లిపోతే తర్వాతి సెమిస్టర్‌వాళ్లు అదే బడికి వస్తారు. ఇన్నేళ్లుగా అదే వీధిలో అవే కుటుంబాలకు కనిపించడమే ఈ పనికి బలం.

మన దగ్గర ఈ ఆలోచన కొత్తేమీ కాదు. గాంధీ శతజయంతి ఏడాది 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం మొదలైంది. ఎన్‌ఎస్‌ఎస్ అంటే తెలియని డిగ్రీ విద్యార్థి ఉండడు. ఏడు రోజుల శిబిరం, ఒక ఊరు, శ్రమదానం, ర్యాలీ, ఆఖరి రోజు సభ. అందులో మనసుపెట్టి చేసే అధ్యాపకులున్నారు, వాళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ శిబిరం ముగిశాక ఆ ఊరితో సంబంధం ముగుస్తుంది. క్యాంపస్ గోడ పక్కనే ఉన్న బస్తీతో అయితే ఆ సంబంధం మొదలే కాదు. ఉస్మానియా చుట్టూ తార్నాక, మాణికేశ్వరినగర్ ఉన్నాయి. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు విశాఖ నగరం మధ్యలో ఉంది. సోషల్ వర్క్, ఎకనామిక్స్, సివిల్ ఇంజనీరింగ్ విభాగాల సిలబస్‌లో ఆ వీధులను పాఠంగా పెట్టడానికి చట్టం మారనక్కర్లేదు, శాఖాధ్యక్షులు అనుకుంటే చాలు. క్యాంపస్‌లో ఏదైనా ఘటన జరగగానే మన దగ్గర తీసుకునే చర్యలు ఏమిటి? గోడ ఎత్తు పెంచడం, సీసీ కెమెరాలు బిగించడం, అమ్మాయిల హాస్టల్ గేటు ఇంకో గంట ముందు మూయడం. జీన్ క్లెరీని చంపినవాడు గోడ లోపలివాడన్న సంగతి ఇవేవీ పట్టించుకోవు. గేటు ముందుగా మూస్తే దెబ్బ పడేది అమ్మాయిల చదువుకు. లైబ్రరీ నుంచి ఆమె నడిచి వచ్చే దారిలో దీపాలు, మనుషులు ఉండేలా చేయడం కష్టమైన పని కాబట్టి దాన్ని వదిలి గేటు మూస్తున్నారు.

నమ్మకం సంపాదించడానికి పట్టినంత కాలం పోవడానికి పట్టదని కూడా పెన్ చూపించింది. 1985 బాంబు దాడిలో చనిపోయిన పిల్లలవిగా భావించిన ఎముకలు పెన్ మ్యూజియంలో దశాబ్దాలుగా ఉన్నాయని, వాటిని పాఠంలో చూపించడానికి వాడారని 2021 ఏప్రిల్‌లో బయటపడింది. కుటుంబాలకు చెప్పనే లేదు. మ్యూజియం క్షమాపణ చెప్పింది. దీపాలు పెట్టించిన సంస్థ, తోటలు వేసిన సంస్థ, ఆ ఎముకలను పెట్టెలో దాచుకున్న సంస్థ ఒకటే. వెస్ట్ ఫిలడెల్ఫియా వాళ్లు ఈ మూడింటినీ కలిపి చూస్తారు, చూడాలి కూడా. పొరుగుతో సంబంధానికి ఒక ఆఫీసు, ఒక కార్యక్రమం పెట్టి మిగతా విభాగాలు తమ దారిన తాము పోతే ఇలాగే జరుగుతుంది.

అమెరికా వెళ్లబోతున్న పిల్లలకు, వాళ్లను పంపే తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. భద్రతా నివేదిక తప్పకుండా చదవండి, కానీ అందులో క్యాంపస్ బయటి ఇళ్లు లేవని గుర్తుంచుకోండి. విశ్వవిద్యాలయం పోలీసు గస్తీ ఏ వీధి దాకా ఉంటుందో, రాత్రిపూట తోడు వచ్చే సేవ, ఉచిత బస్సు ఎక్కడి దాకా వస్తాయో అడిగి తెలుసుకుని ఆ గీత లోపల ఇల్లు చూసుకోండి. నెలకు యాభై, వంద డాలర్లు ఎక్కువైనా పర్వాలేదు. గీత అవతలే ఉండాల్సి వస్తే ఇరుగుపొరుగును పేరుపెట్టి పలకరించేంత పరిచయం చేసుకోండి. అయిదుగురు తెలుగువాళ్లు ఒకే ఇంట్లో ఉండి, రెండేళ్లలో పక్కింటివాళ్ల పేరు తెలియకుండా వెళ్లిపోవడం మనకు మామూలైంది. అది మానుకోవాలి. అక్కడి తెలుగు సంఘాలు ఉగాది, బతుకమ్మలు ఘనంగా చేస్తున్నాయి. కొత్తగా వచ్చిన విద్యార్థులను ఆ పేట పౌరసంఘం సమావేశానికి ఒక్కసారి తీసుకెళ్లే పని కూడా అవే పెట్టుకోవాలి. ఇక్కడి విశ్వవిద్యాలయాల పాలకులు ఈసారి కెమెరాల టెండరు పిలిచే ముందు గోడ పక్క బస్తీ పెద్దలను, హాస్టల్ అమ్మాయిలను కూర్చోబెట్టి ఏ దారిలో భయమేస్తోందో అడగండి. తర్వాత ఏటా ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్ని తేల్చారో మీ అంతట మీరే ప్రకటించండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.